ఒక్క అక్షరం పట్టుకుని ఇంగ్లిష్ మాటల పుట్టుక వెతకడం ఎలా? ‘సి’తో మొదలుపెడదాం

చెన్నైలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారం పొద్దున ఇంగ్లిష్ మాటలు చెబుతుంటాను. పెద్దవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. “డిక్షనరీ కొనిచ్చాం. ‘ఎ’ నుంచి చదవమన్నాం. పది పేజీలు కాకుండానే మూలన పడేశాడు. మీరు ఈ మాటల కథలు ఎలా పట్టుకుంటున్నారు?”

డిక్షనరీని మొదటి పేజీ నుంచి చదవడం ఎవరివల్లా కాదు. ఒక్క అక్షరం తీసుకోండి. ముప్పై మాటలు, ఒక నోట్‌బుక్, సుమారు ఆరు వారాలు చాలు.

నేను ‘సి’తో మొదలుపెట్టమంటాను. చెన్నైలో ఉండే తెలుగువాళ్లకి ఈ అక్షరం దగ్గర ఇంగ్లిష్, తమిళం, తెలుగు మూడూ ఒకే వీధిలో ఎదురుపడతాయి. అదే మన బలం. జాగ్రత్తగా లేకపోతే తప్పులో కాలేసేదీ అక్కడే.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ముందు డిక్షనరీ. జేబులో పట్టే చిన్న డిక్షనరీల్లో అర్థాలే ఉంటాయి, పుట్టుక ఉండదు. కొనేముందు షాపులోనే ‘క్యాండిడేట్’ అనే మాట తీసి చూడండి. అర్థాల ముందో చివరో లాటిన్ ప్రస్తావన కనిపిస్తే ఆ డిక్షనరీ పనికొస్తుంది. లేకపోతే ఎంత మంచి అట్ట ఉన్నా వద్దు.

కొనడం కుదరకపోతే ఎగ్మూర్‌లోని కన్నెమరా లైబ్రరీకో, కోట్టూర్‌పురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయానికో వెళ్లి రిఫరెన్స్ విభాగంలో అడగండి. ఫోన్‌లో అయితే మెరియమ్-వెబ్‌స్టర్ ఉచితంగా దొరుకుతుంది. చాలా మాటలకు పుట్టుక కూడా ఇస్తుంది.

మన దేశం నుంచి వెళ్లిన మాటలకు ఇంకో రెండు పుస్తకాలు కావాలి. ఒకటి 1886లో హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ తెచ్చిన హాబ్సన్-జాబ్సన్. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు, కనుక దక్షిణాది మాటలు అందులో బాగానే దొరుకుతాయి. రెండోది బరో, ఎమెనో చేసిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు. దీనికి 1984లో వచ్చిన రెండో ముద్రణ చూడండి. రెండూ చికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండా చదవొచ్చు. హాబ్సన్-జాబ్సన్ పాతది కాబట్టి అందులో చెప్పిన దాన్ని కొత్త డిక్షనరీతో సరిచూసుకోకుండా రాసుకోవద్దు.

నోట్‌బుక్‌లో ఒక మాటకు ఒక పేజీ. ప్రతి పేజీలో ఈ ఆరు గళ్లు గీసుకోండి:

☐ మాట, పలికే తీరు
☐ ఇప్పటి అర్థం
☐ దొరికిన అన్నిటికన్నా పాత అర్థం
☐ పుట్టిన భాష
☐ ఇంగ్లిష్‌లోకి వచ్చిన దారి
☐ నమ్మకం: ఖాయం, బహుశా, వివాదం (ఈ మూడింట్లో ఒకటి)

ఆరో గడి చిన్నదే అనిపిస్తుంది. మొత్తం నోట్‌బుక్ విలువ దాని మీదే ఆధారపడి ఉంది.

2. మాటలు ఇంట్లోంచే ఏరండి

డిక్షనరీ తెరవకుండా ఒక రోజంతా చెవులు రిక్కించి వినండి. ‘సి’తో మొదలయ్యే మాట వినిపిస్తే రాసుకోండి.

వంటింట్లో కాఫీ, కరీ, చిల్లీ, క్యాషూ, క్యాండీ, చట్నీ. పూజగదిలో క్యాంఫర్. ఆఫీసులో క్లర్క్, క్యాష్, చెక్, క్యాన్సిల్, క్యాంటీన్, కాపీ, క్యాలిక్యులేటర్. వీధిలో క్యాబ్, కాంపౌండ్, కార్పొరేషన్. టీవీలో కర్ఫ్యూ, క్యాండిడేట్, కెప్టెన్. మెరీనా వైపు వెళ్తే క్యాటమరాన్, కాయిర్. సాయంత్రానికి ముప్పై దాటుతాయి.

ముప్పై దగ్గర ఆపేయండి. మొదటి వారంలోనే వంద రాసుకున్నవాళ్లు మూడో వారానికి నోట్‌బుక్ మూసేయడం నేను చూశాను.

3. అర్థం జోలికి వెళ్లకముందు శబ్దాన్ని వినండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా ఇష్టం. ఎందుకంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్ అంటే పిల్లలకుండే టెన్షన్ సగం ఇక్కడే తగ్గుతుంది.

‘సి’ పక్కన ‘హెచ్’ వస్తే మూడు రకాలుగా పలుకుతారు. ఆ పలుకే మాట ఎటు నుంచి వచ్చిందో సూచన ఇస్తుంది.

‘చ’ అని పలికితే: పాత ఇంగ్లిష్ మాటో, చాలా కాలం కిందట ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాటో అయి ఉండొచ్చు. చైల్డ్, చిన్ మొదటి రకం. చైర్, చీఫ్, చాప్టర్ రెండో రకం.

‘క’ అని పలికితే: ఎక్కువగా గ్రీకు మూలం. కోరస్, క్యారెక్టర్, కేయాస్.

‘ష’ అని పలికితే: తర్వాతి కాలంలో ఫ్రెంచ్ నుంచి వచ్చినది. షెఫ్, షాంపేన్, షోఫర్.

ఇప్పుడు చీఫ్, షెఫ్ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే ఫ్రెంచ్ మాట. దాని వెనక లాటిన్‌లో తల అనే అర్థమున్న ‘కాపుట్’ ఉంది. మధ్యయుగంలో వచ్చినప్పుడు ‘చ’ శబ్దంతో వచ్చింది, నాయకుడయ్యాడు. అదే మాట 19వ శతాబ్దంలో మళ్లీ వచ్చేసరికి ఫ్రెంచ్‌లో ‘చ’ కాస్తా ‘ష’ అయిపోయింది, ఈసారి వంటింటి పెద్ద అయ్యాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. శబ్దం చెప్పేది మాట వచ్చిన దారి గురించి. పుట్టిన ఊరు వేరే కావచ్చు. పొగాకు చుట్టకు ఇంగ్లిష్‌లో ఉన్న మాటను ‘షెరూట్’ అని పలుకుతారు. ‘ష’ ఉంది కాబట్టి ఫ్రెంచ్ అనుకుంటాం. ఫ్రెంచ్ మీదుగా వచ్చిన మాట నిజమే, కానీ పుట్టింది తమిళ ‘సురుట్టు’ నుంచి. చుట్టినది అని దాని అర్థం. మనం చుట్ట అనడం కూడా అలాంటిదే కదా!

చిల్లీ, చట్నీ, చీతా లాంటివి ఈ మూడు గుంపుల్లో ఇమడవు. వాటికి ‘ఇతర’ అని నాలుగో గుంపు పెట్టుకోండి. చిల్లీ మెక్సికోలోని నావాటల్ భాషది, స్పానిష్ ద్వారా వచ్చింది. చిలీ దేశానికీ దానికీ సంబంధం లేదు. చట్నీ, చీతా హిందీ నుంచి వెళ్లాయి.

4. డిక్షనరీలో పుట్టుక చదవడం నేర్చుకోండి

పుట్టుక రాసే తీరు తలకిందులుగా ఉంటుంది. దగ్గరి భాష ముందు, దూరపు భాష చివర. పిల్లలు మొదటి భాష పేరు చూడగానే ‘ఇది ఫ్రెంచ్ మాట’ అని రాసేసుకుంటారు. వాక్యం చివరిదాకా చదివాకే పెన్ను పట్టుకోమని చెప్పండి.

గుర్తులు కొన్ని తెలిసి ఉండాలి:

☐ ‘ఓఈ’ అంటే పాత ఇంగ్లిష్, ‘ఎంఈ’ అంటే మధ్యయుగపు ఇంగ్లిష్, ‘ఓఎఫ్’ అంటే పాత ఫ్రెంచ్, ‘ఎల్’ అంటే లాటిన్
☐ మాట ముందు నక్షత్రం గుర్తు (*) ఉంటే ఆ రూపం ఎక్కడా రాసి దొరకలేదు, పండితులు ఊహించి కట్టినది
☐ ‘పోల్చి చూడు’ అని ఉంటే అది మూలం కాదు, పోలికగా చూపినది మాత్రమే
☐ ‘బహుశా’ అని ఉంటే మీ ఆరో గడిలోనూ బహుశా అనే రాయాలి

ఒక మాటతో అభ్యాసం చేద్దాం. క్యాండిడేట్. లాటిన్‌లో ‘కాండిడాటుస్’ అంటే తెల్లబట్టలు కట్టుకున్నవాడు. రోమ్‌లో పదవి కోరేవాళ్లు తెల్లగా మెరిసే వస్త్రం వేసుకుని జనం మధ్య తిరిగేవారు. ‘కాండిడుస్’ అంటే తెలుపు. క్యాండిల్‌దీ ఇదే కుటుంబం.

ఇది చెప్పగానే మా పిల్లలు ఒక్కసారిగా అరిచారు: “మన ఎలక్షన్లలో కూడా తెల్ల చొక్కా, తెల్ల వేష్టి!” గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. కానీ నోట్‌బుక్‌లో కారణంగా మాత్రం రాయొద్దు. మన నాయకుల బట్టలకూ రోమ్‌కూ సంబంధం లేదు. నేను ఇలాంటివి పేజీ అంచున పెన్సిల్‌తో రాయిస్తాను.

5. పాత అర్థం గడి నింపడం

పాత అర్థం చాలాసార్లు కంటికి కనిపించే వస్తువో పనో అయి ఉంటుంది. అది దొరికేదాకా ఆగకండి.

క్యాన్సిల్: లాటిన్‌లో జాలీ తడికను ‘కాన్సెల్లి’ అనేవారు. రాసినదాని మీద జాలీలా అడ్డగీతలు గీసి కొట్టేయడం నుంచి రద్దు చేయడం అనే అర్థం వచ్చింది. బ్యాంకుకు క్యాన్సిల్డ్ చెక్ ఇచ్చేటప్పుడు మనం అడ్డంగా గీస్తున్న గీతలు అచ్చంగా అవే.

క్యాలిక్యులేట్: లాటిన్‌లో ‘కాల్కులుస్’ అంటే గులకరాయి. రాళ్లతో లెక్కపెట్టేవారు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాయి ఉందని స్కాన్ తీయిస్తే రిపోర్టులో ‘కాలిక్యులస్’ అనే ఉంటుంది. డాక్టర్ల దగ్గర ఆ మాట ఇంకా రాయిగానే ఉంది.

కర్ఫ్యూ: పాత ఫ్రెంచ్‌లో ‘నిప్పు కప్పు’ అని. రాత్రి గంట కొట్టగానే పొయ్యిలో నిప్పు కప్పేయాలి.

చెక్: ఇది చదరంగం నుంచి వచ్చింది. పారసీకంలో ‘షా’ అంటే రాజు. రాజుకు ముప్పు అని హెచ్చరించడం, ఆపడం, అదుపు, సరిచూడడం, చివరికి బ్యాంకు కాగితం. స్పెల్లింగ్ మారినా బ్యాంకు చెక్ వెనక ఉన్నది ఆ రాజే.

6. దారి గీయడం

ఐదో గడిలో బాణం గుర్తులతో ఊరు ఊరూ రాయండి. సరుకుతో పాటు మాట ప్రయాణం చేస్తుంది కాబట్టి ఎవరు అమ్మారో ఆలోచిస్తే దారి గుర్తుంటుంది.

క్యాంఫర్: సంస్కృత కర్పూరం → మలయ్ → అరబిక్ ‘కాఫూర్’ → మధ్యయుగపు లాటిన్ → ఇంగ్లిష్.

క్యాండీ: సంస్కృత ఖండం → పారసీకం, అరబిక్ ‘కంద్’ → ఫ్రెంచ్ → ఇంగ్లిష్. మన కలకండ ముక్క చేతిలో పెట్టి ఈ దారి చెప్పండి, ఏ పిల్లాడూ మర్చిపోడు.

కోప్రా: మలయాళ ‘కొప్పర’ → పోర్చుగీసు → ఇంగ్లిష్. కాయిర్ కూడా మలయాళం నుంచే. తమిళంలో తాడును కయిరు అంటారు, చెన్నైలో పెరిగిన పిల్లలకి వేరే వివరణ అక్కర్లేదు.

కాలికో అనే నూలుబట్టకు కాలికట్ రేవు పేరు వచ్చింది. ఇక్కడ నాలుగో గడిలో భాషకు బదులు ఊరు రాయాలి.

క్యాటమరాన్‌ది నేరుగా వచ్చిన దారి. తమిళ కట్టుమరం, అంటే కట్టిన మాను. పెద్ద దుంగల్ని తాళ్లతో కట్టి సముద్రంలోకి వదిలేవారు. ఇంగ్లిష్‌లో ఇప్పుడు ఆ మాటకు జంట పడవ అని అర్థం. మన తీరంలో ఉన్నది అది కాదు. కాశిమేడు చేపల రేవులో ఈ రోజు ఎక్కువగా కనిపించేవి ఫైబర్ పడవలు. పిల్లల్ని తీసుకెళ్లి అక్కడి పెద్దవాళ్లను అడగండి, పాత కట్టుమరం ఎలా కట్టేవారో చేతులతో చూపించి చెబుతారు. ఆ పూట ఒక్క మాటకే పోయినా పరవాలేదు.

7. ఒకే స్పెల్లింగ్, రెండు మాటలు

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి.

రెండేళ్ల కిందట పిల్లలకు క్యాష్ అనే మాట మన కాసు నుంచి వచ్చిందని చెప్పాను. కాసులపేరు చూపించాను. అందరూ సంతోషంగా రాసుకున్నారు. వారం తర్వాత పెద్ద డిక్షనరీ తీస్తే ఆ మాట రెండు చోట్ల ఉంది, పక్కన 1, 2 అని చిన్న అంకెలతో.

మొదటి క్యాష్ మన చేతిలోని నగదు. ఇది ఫ్రెంచ్, ఇటాలియన్ భాషల్లో డబ్బుపెట్టె అనే మాట నుంచి వచ్చింది, వెనక లాటిన్ ‘కాప్సా’. పెట్టె పేరు అందులోని డబ్బుకు వచ్చింది. క్యాషియర్‌దీ ఈ కుటుంబమే.

రెండో క్యాష్ తూర్పు దేశాల్లో చెలామణి అయిన చిన్న నాణెం. ఇది తమిళ కాసు నుంచి పోర్చుగీసు ద్వారా వెళ్లింది. పోర్చుగీసులో దాని రూపం పెట్టె అనే మాటతో కలిసిపోయింది. అందుకే స్పెల్లింగ్ ఒకటైంది.

మరుసటి ఆదివారం పిల్లల చేత ఆ పేజీ కొట్టించి రెండు పేజీలు రాయించాను. ఒక పాప “అయితే ఆంటీ, కాసు కూడా ఇంగ్లిష్‌లోకి వెళ్లింది, కానీ మన పర్సులోది అది కాదు, అంతేనా?” అంది. సరిగ్గా అంతే.

కాబట్టి డిక్షనరీలో మాట పక్కన చిన్న అంకె కనిపిస్తే ఆగండి. ‘సి’లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి:

☐ కాట్: మంచం అనే అర్థంలో హిందీ ‘ఖాట్’ నుంచి. చిన్న గుడిసె అనే అర్థంలో పాత ఇంగ్లిష్ మాట, కాటేజ్‌కు చుట్టం.
☐ కాంపౌండ్: మిశ్రమం అనే అర్థంలో లాటిన్. ఇంటి చుట్టూ ఆవరణ అనే అర్థంలో మలయ్ ‘కాంపొంగ్’ అని చెబుతారు, ఆరో గడిలో ‘బహుశా’ రాయండి.
☐ క్యాండీ: తినేది ఒకటి. బరువు కొలత ఇంకొకటి. గుంటూరు వైపు పత్తి వ్యాపారం చేసే బంధువులుంటే అడగండి, పత్తి ధర ఈ రోజుకీ క్యాండీకి ఇంత అని చెబుతారు. అది సుమారు 356 కిలోలు.

8. మన మాటతో పోలిక కనిపించినప్పుడు

ఈ మెట్టు దగ్గర మనసును పట్టుకోవాలి. మన భాష మీద ప్రేమ ఉన్నవాళ్లమే తొందరగా తప్పు చేస్తాం.

ఒక అబ్బాయి అడిగాడు: “కాపీ అంటే కపి నుంచే కదా? కోతి చూసింది చూసినట్టు చేస్తుంది.” వినడానికి ఎంత బాగుందో! కానీ కాపీ లాటిన్ ‘కోపియా’ నుంచి వచ్చింది. సమృద్ధి అని దాని అర్థం. ఒక రాతకు మరిన్ని ప్రతులు తీయడం దగ్గర ఇప్పటి అర్థం స్థిరపడింది.

ఇంగ్లిష్‌లోనే కేర్, క్యూర్ చూడండి. రెండూ తోబుట్టువుల్లా ఉంటాయి. కేర్ పాత ఇంగ్లిష్‌ది, మొదట్లో దానికి దుఃఖం, బెంగ అని అర్థం. క్యూర్ లాటిన్ ‘కూరా’ నుంచి. ఒకదానికొకటి ఏమీ కావు.

పోలిక కనిపించగానే ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

☐ ఈ మాటను ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్లినవాళ్లు ఎవరో చెప్పగలనా?
☐ ఇంగ్లిష్ మాట మన దేశంతో వ్యాపారం మొదలుకాక ముందే వాడుకలో ఉందా? ఉంటే నేరుగా మన దగ్గర్నుంచి వెళ్లి ఉండదు.
☐ కనీసం రెండు డిక్షనరీలు అదే చెబుతున్నాయా?

కరీకి డిక్షనరీలు తమిళ ‘కరి’ని చూపిస్తాయి. మన కూర దానికి మూలం అని రాయకండి. కూలీ విషయంలో తమిళంలో జీతం అనే అర్థమున్న ‘కూలి’ అని కొందరు, గుజరాత్‌లోని ఒక తెగ పేరు అని కొందరు. ఆరో గడిలో ‘వివాదం’ రాసి ముందుకెళ్లండి. వివాదం అని రాయడం చిన్నతనం కాదని పిల్లలకు ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

9. కుటుంబం గీయడం

నాలుగో వారానికి కొన్ని మాటలు ఒకే తల్లి పిల్లలని తెలుస్తుంది. ‘కాపుట్’ అంటే తల అనుకున్నాం కదా. కెప్టెన్, క్యాపిటల్, చాప్టర్, చీఫ్, షెఫ్, క్యాటిల్, అన్నీ దాని సంతానమే. ఒక పెద్ద కాగితం మీద చెట్టు బొమ్మ వేయించండి.

క్యాటిల్ దగ్గర పిల్లలు ఆగిపోతారు. పశువులకూ తలకూ ఏమిటి సంబంధం? తల నుంచి ముఖ్యమైనది, దాన్నుంచి ఆస్తి, ఆస్తి అంటే అప్పట్లో పశువులు. మనకిది కొత్త కాదు. ఉత్తరాంధ్రలో సొమ్ములు అంటే పశువులు, మిగతా చోట్ల సొమ్ము అంటే డబ్బు. తమిళంలో మాడు అంటే పశువు, పాత తమిళంలో అదే మాటకు సంపద అనే అర్థం కూడా ఉంది. మూలం వేరైనా ఆలోచన నడిచిన తీరు ఒకటే. ఇలాంటి పోలికలు అంచున కాదు, పేజీ మధ్యలోనే రాయండి.

10. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

వాట్సాప్‌లో వచ్చే విస్తరణలు. ‘కాప్’ అంటే ‘కానిస్టేబుల్ ఆన్ పెట్రోల్’ అని పంపుతారు. అది కల్పన, పట్టుకోవడం అనే క్రియ నుంచి వచ్చిన మాట అది. 20వ శతాబ్దానికి ముందునుంచీ ఉన్న మాటను పొడి అక్షరాలుగా విడదీసి చెబితే దాదాపు ఎప్పుడూ నమ్మొద్దు.

పాత అర్థమే అసలు అర్థం అనుకోవడం. క్యాన్సిల్ అంటే జాలీ అని పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి. ఇప్పటి అర్థం గడి ముందు నింపండి.

మూలాన్ని తెలుగు లిపిలో ఒక్కో పుస్తకం చూసి ఒక్కోలా రాయడం. ఒక పలుకు ఎంచుకుని నోట్‌బుక్ అంతా అదే వాడండి.

ఆగిపోవడం. వారానికి ఐదు మాటలు మించకపోతే ఆగరు.

11. పేజీ పూర్తయిందా?

☐ పలికే తీరు గట్టిగా చదివాను
☐ పాత అర్థం కంటికి కనిపించే వస్తువుగానో పనిగానో రాశాను
☐ దారిలో ఒక్క భాష కూడా వదిలేయలేదు
☐ చిన్న అంకె ఉందేమో చూశాను
☐ రెండు చోట్ల సరిచూశాను
☐ ఆరో గడి నింపాను

‘సి’ అయ్యాక ‘ఎమ్’ తీసుకోండి. మ్యాంగో ఉంది, మంగూస్ ఉంది, తమిళ మిళగు తన్నీర్ నుంచి వెళ్లిన మల్లిగటానీ సూప్ ఉంది. ‘ఎక్స్’ మాత్రం చివరికి పెట్టుకోండి, అందులో ఇంట్లో దొరికే మాటలు ఐదారు కూడా ఉండవు.